మాగన్నులో అవ్వ ఇల్లు

మా ఇంట్లో నిద్రకు చాలా మాటలుండేవి. అవ్వకు మధ్యాహ్నం పట్టేది కునుకు. తాత అరుగు మీద కూర్చునే తూగేవాడు. కైవారం తాతయ్య తత్వాలు పాడే భజన రాత్రుల్లో మేము పిల్లలం జోగేవాళ్ళం. చేనికి కావలి పోయినవాళ్ళది కోడినిద్ర. ఇవి కాక ఇంకొకటుంది. అటు నిద్రా కాదు, ఇటు మెలకువా కాదు. పక్కన మాట్లాడుకునేది చెవిన పడుతూనే ఉంటుంది, బదులు చెప్పేదానికి మాత్రం నోరు రాదు. అవ్వ దాన్ని మాగన్ను అనేది. "మాగన్నుగా ఉండాది, లేపొద్దండి" అని. కన్నడ సాలెలో చదువుకున్న మాకు దానికి దగ్గరగా తోచేవి మంపరు, జొంపు. రెండూ మంచి మాటలే గానీ వాటిలో కన్ను లేదు.

ఈ మాగన్నులోనే, మెలకువ వదలకుండా, నేరుగా కలలోకి నడిచి పోవచ్చంటారు. మేము రెండేళ్ళుగా ఆ ప్రయత్నంలో ఉన్నాం. మేమంటే అక్కచెల్లెళ్ళం ఇద్దరం. పుట్టింది బాగేపల్లి తాలూకాలో. మా పెద్దలు అనంతపురం వైపు నుంచి ఏ కాలంలో వచ్చి ఇక్కడ నిలబడ్డారో ఇంట్లో ఎవరికీ లెక్క లేదు. చదువు కన్నడ మీడియం, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు హిందూపురం బస్సుల బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాం. ఇప్పుడు బెంగళూరులో ఒకే అపార్ట్‌మెంటులో పైనొకరం, కిందొకరం. ఇద్దరం చేసేదీ సాఫ్ట్‌వేర్ టెస్టింగే, కంపెనీలు మాత్రం వేరు.

దీంట్లోకి రావడానికి మొదటి కారణం ఆ ఉద్యోగమే. రిలీజు ఉన్న వారం రాత్రి రెండింటికి పండుకుంటే, కళ్ళు మూయగానే టెస్ట్ కేసుల వరసలు కిందికి జారుతూ కనపడేవి. ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా. మాకు పిచ్చి పడుతోందేమో అనుకున్నాం. వెతికితే తేలింది, ఇది అందరికీ ఉన్నదే. 2000లో హార్వర్డ్‌లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అనే ఆయన కొందరిచేత టెట్రిస్ ఆట ఆడించి, నిద్రలోకి జారేటప్పుడు ఏం కనపడుతోందో అడిగాడు. చాలామందికి ఆ ముక్కలే పైనుంచి పడుతూ కనపడ్డాయట. విచిత్రమేమంటే, కొత్త జ్ఞాపకాలు నిలవని జబ్బున్నవాళ్ళు కూడా ఆ ముక్కల్ని చూశారు. ఆట ఆడినట్టే వాళ్ళకు గుర్తు లేదు, బొమ్మలు మాత్రం వచ్చాయి! నిద్ర గడప మీద వచ్చే ఈ బొమ్మలకు ఫ్రెంచి పండితుడు ఆల్‌ఫ్రెడ్ మోరీ 1848లోనే హిప్నగాజిక్ అని పేరు పెట్టాడు. మాకు మాగన్ను బొమ్మలు అంటే చాలు.

రెండో కారణం అవ్వ. అవ్వ 2019లో పోయింది. ఇల్లు అంతకు మూడేళ్ళ ముందే అమ్మేశారు. కొన్నవాళ్ళు మట్టిమిద్దెను పడగొట్టి ఆర్‌సీసీ కట్టుకున్నారు, వాళ్ళ ఇష్టం. ఇంటి లోపలి ఫోటోలు మా దగ్గర లేవు. ఉన్న ఫోటోలన్నీ పెళ్ళిళ్ళలో వాకిట్లో నిలబడి తీసుకున్నవే. అవ్వ గొంతు ఒక పాత ఫోనులో 11 సెకన్లు ఉంది. ఫోను ముందర పెడితే, దాన్ని అటూ ఇటూ చూసి, "ఇది మాట్లాడ్తాదా?" అని అడుగుతుంది. వెనక ఎవరో నవ్వుతారు. అంతే, అయిపోతుంది. మా పిల్లలు అవ్వ తెలుగు విన్నది ఆ 11 సెకన్లే. మేమూ ఒక వయసొచ్చాక ఆ గొంతును తలచుకుంటే ఆ ఒక్క ముక్కే వినపడడం మొదలైంది, మిగతాది చెరిగిపోయినట్టుగా. కలలో అయినా ఇంకో నాలుగు మాటలు వినాలని మా ఆశ.

ఇది నిజంగా అయ్యే పనేనా అని ముందు చూశాం. టెస్టింగ్ వాళ్ళం కదా, ఎవరో చెప్పారని పాస్ కొట్టేయలేం. కల కంటున్నామని తెలిసి కనే కలకు లూసిడ్ డ్రీమ్ అన్న పేరు 1913లో డచ్చి డాక్టరు వాన్ ఈడెన్ రాసిన వ్యాసంతో నిలబడింది. రుజువు దొరికింది 1975లో. రెమ్ నిద్ర అనే కలల నిద్రలో ఒళ్ళంతా కదలదు, కళ్ళు మాత్రం కదులుతాయి. అందుకని ఇంగ్లండులోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్, అలన్ వర్స్‌లీ ఒక ఒప్పందం చేసుకున్నారు. కలలో తెలివొస్తే వర్స్‌లీ కళ్ళను ఎడమకూ కుడికీ లెక్కగా తిప్పాలి. తిప్పాడు, అది మిషను కాగితం మీద పడింది. తరువాత స్టాన్‌ఫోర్డులో స్టీఫెన్ లబెర్జ్ వేరేగా ఇదే తేల్చి, పద్ధతులు కూడా రాశాడు. 2021లో అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్సు పరిశోధకులు కల కంటున్నవాళ్ళను లెక్కలు అడిగి జవాబులు రాబట్టారు. ఎనిమిదిలో ఆరు తీస్తే ఎంత అంటే, నిద్రలోనే కళ్ళు రెండుసార్లు తిప్పి చెప్పాడొకడు. మాకు ఆ రుజువు చాలు.

మన పెద్దలకు ఇది కొత్తేమీ కాదు. జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అంటూ మాండూక్యోపనిషత్తు ఈ స్థితుల లెక్క చెప్తుంది. టిబెట్ బౌద్ధుల్లో స్వప్నయోగం ఒక సాధన. మన మైసూరు జిల్లా బైలకుప్పెలో వాళ్ళ మఠాలున్నాయి, చూసే ఉంటారు. అయితే వాళ్ళు మోక్షం కోసం చేసేదానికీ, మేము ఒక ముసలామె గొంతు కోసం చేసేదానికీ పోలిక పెట్టడం మాకు ఇష్టం లేదు.

మెలకువలోంచి నేరుగా కలలోకి పోయే పద్ధతిని ఆ మనుషులు పొట్టిగా వైల్డ్ అంటారు. రాత్రి పండుకోగానే చేస్తే ఫలితం తక్కువ. మొదటి విడత కలనిద్ర ఓ పది నిమిషాలే ఉంటుంది, అదీ గంటన్నర తరువాత వస్తుంది. తెల్లవారుజామున విడతలు పొడుగవుతాయి. కాబట్టి నాలుగున్నర, ఐదు గంటలు బాగా నిద్రపోయి, లేచి, ఓ అరగంట కూర్చుని మళ్ళీ పండుకోవాలి. మేము పదకొండుకు పండుకుని నాలుగింటికి లేస్తాం. ఫోను ముట్టుకోం. ఒక గ్లాసు గోరువెచ్చని రాగిజావ తాగి, మంచం మీద కాకుండా హాల్లో చాప వేసుకుంటాం. మంచం మీదైతే ఒళ్ళు పాత అలవాటు కొద్దీ ఢామ్మని నిద్రపోతుంది. శుక్ర, శనివారాలు తప్ప చేయం. వారమంతా నిద్ర విరగ్గొట్టుకుంటే సోమవారం బగ్గులు మమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి.

తరువాతది ఒళ్ళు సడలించడం. షికాగో డాక్టరు ఎడ్మండ్ జాకబ్సన్ 1929లో పుస్తకం రాసిన పద్ధతిలో ఒక్కో కండరాన్నీ బిగించి వదలాలి. అది పగలు బాగుంటుంది. తెల్లవారుజామున బిగిస్తుంటే ఉన్న మత్తు కాస్తా పోతుంది. మాకు కుదిరింది స్వామి రామ నేర్పిన 61 చోట్ల పద్ధతి. లబెర్జ్ కూడా తన పుస్తకంలో దీన్నే ఇచ్చాడు. బిగించేది లేదు. నొసటి నడుమ మొదలుపెట్టి గొంతు, కుడి భుజం, మోచెయ్యి, మణికట్టు, ఒక్కో వేలి కొస, మళ్ళీ వెనక్కి భుజానికి, ఎడమ చెయ్యికి, గుండె నడిమికి, పొట్ట, కాళ్ళు... ఇలా ఒక్కో చోట ధ్యాస పెట్టి, లెక్కపెట్టుకుంటూ తిరిగి రావాలి.

ముందు ఇంగ్లీషు ఆడియో పెట్టుకున్నాం. రిలాక్స్ యువర్ షోల్డర్స్ అని ఆ గొంతు అంటుంటే మా మేనేజరు మీటింగులో అన్నట్టే వినపడి భుజాలు ఇంకా పైకి లేచాయి. తరువాత కన్నడంలో చెప్పుకున్నాం, సాలెలో శవాసనం నేర్పింది ఆ భాషలోనే కదా. కొంత నయం. కానీ హెబ్బెరళు, తోరుబెరళు, కిరుబెరళు అనుకుంటుంటే గోడకు వేలాడే చార్టు కనపడేది, మాస్టరు బెత్తంతో చూపిస్తున్నట్టు. ఒకరోజు అనుకోకుండా బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు అని వచ్చింది. వేళ్ళు వెచ్చబడ్డాయి! కారణం తెలిసేదానికి రెండు వారాలు పట్టింది. ఆ పేర్లు మేము ఎక్కడా చదివి నేర్చుకున్నవి కాదు. ఆదివారం తలంటు రోజు అవ్వ ఆముదం చేతిలో పోసుకుని, ఒక్కో వేలునూ లాగి, దాని పేరు చెప్పి, మెటిక విరిచి వదిలేది. మోకాలి చిప్ప, పిక్క, చీలమండ, మడిమ అన్నీ అట్లా చేతి వేడితో పాటు ఎక్కిన మాటలు. అవి అనుకుంటే చాలు, ఒళ్ళు దానంతట అదే వదులుతుంది. అప్పట్నుంచి 61 చోట్లూ తెలుగులోనే. మీ ఇంట్లో తలంటు ఏ భాషలో జరిగిందో ఆ భాషలో చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఒళ్ళు వదిలాక బొమ్మలొస్తాయి. మొదట మసక వెలుగు చుక్కలు, గీతలు. తరువాత సంబంధం లేని ముఖాలు, ఒక చెప్పు, ఒక బస్సు కిటికీ. వీటిని పట్టుకోబోతే కరిగిపోతాయి. ఇంట్లో పిల్లి దగ్గరికి వచ్చేటప్పుడు చూడనట్టు కూర్చుంటామే, అట్లా ఉండాలి. అదే సమయంలో తెలివి జారిపోకుండా ఒక దారం కావాలి. లబెర్జ్ చెప్పేది, అంకెలు లెక్కపెట్టుకుంటూ, ప్రతి అంకెతోనూ ఇది కల అని అనుకుంటూ పొమ్మని. తెలుగులో ఈ మెలకువ అన్న మాట మాకు భలే నచ్చుతుంది. మెలకువ అంటే నిద్ర లేకపోవడం, మెలకువలు అంటే కిటుకులు. కన్నడంలో ఎచ్చర అన్నా నిద్ర లేకపోవడమే, జాగ్రత్తగా ఉండడం కూడా. ఈ పనికి మూడూ కావాలి.

మా దారం అంకెలు కాదు, ఇల్లు. కళ్ళు మూసుకుని ఇంటిని చూసేది కాదు, అందులో నడిచేది. చూడబోతే బొమ్మ నిలవదు. నడిస్తే, అంటే అరికాలికి అరుగురాయి చల్లదనం తగిలిందనుకుంటే, చేత్తో తలుపు గొళ్ళెం పట్టుకున్నామనుకుంటే, బొమ్మ దానంతట అదే వెనకాలే వస్తుంది. తలవాకిలి, పడసాల, ఎడమ పక్క గోడలో దీపం గూడు, దాని మీద నూనె మసి. ఇసుర్రాయి. గాదె. నీళ్ళు కాగే హండె, దాని కింద ఎప్పుడూ ఆరని బూడిద వాసన. దొడ్డి తలుపు. ఇట్లా ఒకటికి పదిసార్లు అదే వరసలో నడవాలి. మాకు ఇది రిగ్రెషన్ లాంటిదే, అలవాటైన పని. నడుస్తూ ఉండగా ఒకసారి, మనం ఊహించుకోనిది కూడా కనపడుతుంది. గూట్లో దీపం పక్కన బీడీ కట్ట. అది మనం పెట్టింది కాదు! ఆ క్షణం నుంచి కల నడిపిస్తుందన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, భయపెట్టడానికి కాదు. ఈ దారిలో ఒక్కోసారి ఒళ్ళు ముందు కలనిద్రలోకి పోయి, తెలివి వెనకబడుతుంది. కాలూ చెయ్యీ ఆడదు, గది కనపడుతూనే ఉంటుంది, ఎవరో ఎదురొమ్ము మీద కూర్చున్నట్టు బరువు. మా ఊళ్ళో దయ్యం గుండెల మీద కూర్చుంది అనేవాళ్ళు. మా ఇద్దరికీ ఇది జరిగింది. కలలో చేసే పనులు ఒళ్ళు నిజంగా చేయకుండా మెదడు కండరాలకు వేసే తాళమది. ఊపిరి ఆగదు, సాధారణంగా కొన్ని సెకన్లు, మహా అయితే కొన్ని నిమిషాలు. గింజుకోకుండా ఒక వేలిని కదిలించడానికి చూస్తే ఊడిపోతుంది. కానీ నిద్రలేమి, మనోవ్యాధి, మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకపోవడమే మంచిది.

పోయిన చలికాలంలో ఒక శనివారం పని అయింది. కల ఒకరిదే. ఎవరిదని బయట చెప్పకూడదని మా ఇద్దరి ఒప్పందం, అవ్వ ఇద్దరికీ అవ్వే గనుక. కాబట్టి ఇక్కడా మేము అనే రాస్తున్నాం.

గొళ్ళెం తీసి తలవాకిలి దాటేటప్పుడు తెలివిగానే ఉన్నాం. చెవుల్లో హోరు వచ్చి ఆగింది. పడసాల చేరేసరికి తెలివి జారిపోయింది. ఇది కల అన్న సంగతే మర్చిపోయి, సెలవులకు వచ్చినట్టు చెప్పులు ఎక్కడ విడవాలా అని చూస్తున్నాం. మిద్దె కప్పులో వెలుతురు కోసం పెట్టిన కన్నంలోంచి ఎండ గుండ్రంగా నేల మీద పడి ఉంది, ఆ ఎండలో అవ్వ కూర్చుని చాటలో కందులు ఏరుతోంది. తల ఎత్తి చూసి అడిగింది:

"ఊట ఆయ్తా?"

బాగుండాల్సింది. అడిగిన తీరు అవ్వదే, గొంతు కూడా అవ్వదే. కానీ అవ్వకు కన్నడం రాదు. పుట్టింది కర్ణాటకలో, పోయింది కర్ణాటకలో, ఎనభై ఏళ్ళు బతికి సంతలోనూ తాలూకాఫీసులోనూ తెలుగుతోనే గెలుచుకొచ్చింది. మా రిపోర్టు కార్డు మీద వేలిముద్ర వేసేటప్పుడు, "ఏం రాసినారో ఆ కన్నడమోళ్ళు" అని నవ్వేది. అవ్వ అయితే "సంగటి తింటిరా?" అనాలి. ఎక్స్‌పెక్టెడ్ ఒకటి, యాక్చువల్ ఒకటి. ఆ తేడా తగలగానే తెలివి మొత్తంగా తిరిగొచ్చింది. ఇది కల.

ఇట్లాంటప్పుడు ఉలిక్కిపడితే కల చెదిరిపోతుంది. చేతులు రెండూ రుద్దుకోమంటారు, కలలోని చేతులు. రుద్దుకున్నాం. నేల మీది పేడ అలుకు గీతలు ఒక్కోటీ కనపడ్డాయి. దగ్గరికి పోయి కూర్చుని, "అవ్వా, తెలుగులో చెప్పు" అన్నాం. అవ్వ మా వైపు చూసింది. అర్థం కానట్టు కాదు, వెతుక్కుంటున్నట్టు చూసింది. చాట పక్కన పెట్టింది. నోరు తెరిచి అంది:

"ఇది మాట్లాడ్తాదా?"

వెనక ఎవరో నవ్వారు. అదే నవ్వు. కళ్ళు తెరిస్తే హాల్లో చాప, ఐదున్నర.

చాలాసేపు ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. కాఫీ కలిపాం, తాగలేదు. ఇద్దరికీ ఒకటే తోచింది, ముందు ఎవరు అనాలా అని చూసుకున్నాం. కలలో వచ్చే అవ్వ ఎక్కడినుంచో రాదు. మా దగ్గర ఉన్న సరుకుతోనే తయారవుతుంది. మా దగ్గర తెలుగు సరుకు 11 సెకన్లు, మిగిలినదంతా కన్నడం. పిల్లల్ని తిన్నారా అని మేము రోజూ అడిగేది ఏ భాషలో? "ఊట ఆయ్తా" అనే. అవ్వ నోట పలికింది మేమే.

మా బావగారు ఇది విని, "కల కదమ్మా, దానికింత బాధెందుకు" అన్నారు. ఆయనకు వాళ్ళ అవ్వ ఇంకా ఉంది.

ఆ తరువాత మూడు నెలలు చాప తీయలేదు. బదులు ఫోన్లు చేశాం. గుడిబండలో మా పెద్దత్త ఉంది, అవ్వ పెద్దకూతురు. ఆమెకు ఇప్పుడు డెబ్బై దాటింది, చెవి కొంచెం మందం. ఆదివారం ఆదివారం ఫోను చేసి ఇంటి సంగతులు ఒక్కో గదీ అడుగుతున్నాం, రికార్డు చేస్తున్నాం. కలలో నడవడానికి అని చెప్పలేదు, చెప్తే నవ్వుతుంది. పిల్లలకు చెప్పడానికని అన్నాం, అదీ అబద్ధం కాదు. దంతెల మీద ఏ కట్టె వేసేవాళ్ళు, గాదెకు అడుగున కన్నం ఎందుకు, ఎలుకలు పడితే అవ్వ ఏమని తిట్టేది. ఆ తిట్లు ఇక్కడ రాయలేం గానీ, పెద్దత్త వాటిని అవ్వ గొంతుతోనే అంటుంది. తనకే తెలియకుండా. ఫోను ఇవతల మేము గప్‌చుప్‌గా వింటాం.

పోయిన వారం ఆ కప్పులోని కన్నం గురించి అడిగాం. కన్నడంలో అయితే గవాక్షి, తెలుగులో అవ్వ ఏమనేదో మా ఇద్దరికీ ఎంత గుంజుకున్నా రాలేదు. పెద్దత్త వెంటనే, "గవాచి గదమ్మే!" అంది. అని, ఆగకుండా చెప్పుకుంటూ పోయింది. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దెక్కి దాని మీద చట్టి బోర్లించాలంట. ఆలస్యమైతే పడసాలంతా నీళ్ళు. చినుకు పడితే చాలు, అవ్వ పొయ్యి దగ్గరనుంచే అరిచేదంట, "గవాచి మూయండే, గవాచి మూయండే" అని. పిల్లలంతా ఒకరినొకరు తోసుకుంటూ నిచ్చెన దగ్గరికి పరుగెత్తేవాళ్ళంట. మాలో ఒకరు ఓసారి నిచ్చెన మీదనుంచి జారి గడ్డం పగలగొట్టుకున్నారంట కూడా. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, ఎట్లా వచ్చిందో మాత్రం ఆ రోజే తెలిసింది.

ఈ శనివారం మళ్ళీ చాప తీస్తున్నాం. ఈసారి తలవాకిలి నుంచి కాకుండా వాన చప్పుడు నుంచి మొదలుపెడదామని అనుకున్నాం.